స్థూలకాయానికి చికిత్స: శస్త్రమా, ఔషధమా, పథ్యమా?

ఈ శీర్షికలో మధుమేహాన్ని గురించి, రక్తపోటును గురించి వ్రాసినప్పుడల్లా పాఠకుల నుండి, ముఖ్యంగా ఉద్యోగుల ఇంటి ఆడపడుచుల నుండి, ఒక ప్రశ్న తప్పక వస్తున్నది. “వంద కిలోలు ఎప్పుడో దాటిపోయిన మనిషి పథ్యం వల్ల తగ్గగలడా? ఆపరేషను చేయించుకుంటే ప్రాణానికి ముప్పా? ఈ మధ్య వచ్చిన సూదిమందుల మాటేమిటి?” అని. ప్రశ్న ఒకటే అయినా అందులో మూడు ప్రశ్నలున్నాయి. మూడింటి వెనుకా ఒక కుటుంబం ఆందోళన ఉన్నది. కనుక ఈసారి ఈ విషయాన్నే వివరంగా తీసుకుంటున్నాను.

నేను వైద్యుణ్ణి కాను. యంత్రాల మధ్య ముప్పై ఏళ్ళు గడిపిన ఇంజనీరును. ఫలానావారు ఫలానా చికిత్స చేయించుకోవాలని చెప్పే అధికారం నాకు లేదు. అయితే రెండు మూడు మార్గాలను పక్కపక్కన పెట్టి పోల్చడం మన వృత్తిలో నిత్యకృత్యం. టెండర్లు తెరిచిన తరువాత కంపేరటివ్ స్టేట్‌మెంటు తయారు చేసే ప్రతి ఉద్యోగికీ ఒక సంగతి తెలుసు. కొటేషన్లన్నిటినీ ఒకే షరతుల మీదికి తెచ్చి చూడనిదే ఏది చౌకో, ఏది ఖరీదో తేలదు. మొదటి ధర ఒక్కటే చూసి ఊరుకోము. ఎన్నేళ్ళు పనిచేస్తుంది, నిర్వహణకు ఎంత అవుతుంది, చెడిపోతే ఏమవుతుంది అని కూడా అడుగుతాము. స్థూలకాయ చికిత్సలను కూడా ఆ పద్ధతిలోనే పరిశీలిద్దాం.

ముందుగా కొలత

ఏ పోలికకైనా ముందు కొలబద్ద కావాలి. బరువును కిలోలలోను, ఎత్తును మీటర్లలోను తీసుకొని, బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను శరీర ద్రవ్యరాశి సూచిక, అంటే బి.ఎం.ఐ., అంటారు. బెల్జియం దేశపు గణాంక శాస్త్రజ్ఞుడు కెట్లే 19వ శతాబ్దంలో ఈ సూత్రాన్ని కనుగొన్నాడు. దానికి ఇప్పటి పేరు పెట్టినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్, అది 1972లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఈ సూచిక 30 దాటితే స్థూలకాయం. 35 దాటితే తీవ్రం. 40 దాటితే అతి తీవ్రం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 128 కిలోలు ఉన్న ఉద్యోగి ఒకరున్నారనుకోండి. ఆయన సూచిక 45. ఈ ఊహాత్మక ఉద్యోగిని వ్యాసం చివరి వరకు మనతో ఉంచుకుందాం. లెక్కలు వేయడానికి ఆయన పనికివస్తారు.

మన దేశీయుల విషయంలో ఈ కొలబద్దను కొంచెం కిందికి జరపవలసి ఉంటుంది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటోను ప్రచురించారు. ఇద్దరి సూచికా ఒకటే, 22.3. కాని శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! చూపుకు సన్నగా ఉన్న భారతీయుడు లోపల సన్నగా లేడన్నమాట. అందుకే మన వైద్యులు 23 దాటగానే అధిక బరువుగాను, 25 దాటగానే స్థూలకాయంగాను పరిగణిస్తున్నారు.

ఇది మన తెలుగువారికి మరింత వర్తిస్తుంది. 2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సూచిక 25 లేదా అంతకు మించిన స్త్రీలు దేశం మొత్తం మీద 24 శాతం. పశ్చిమ బెంగాల్‌లో 22.7 శాతం. తెలంగాణలో 30.1 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఏకంగా 36.3 శాతం. వాట్‌గంజ్, ఖిదిర్‌పూర్ ప్రాంతాలలో స్థిరపడిన మన కుటుంబాలు పులిహోరను, గారెలను వెంట తెచ్చుకున్నాయి. ఇక్కడి లూచీలను, సందేశ్‌లను కూడా కాదనలేదు. రెండు రాష్ట్రాల రుచులు ఒకే పళ్ళెంలో చేరినప్పుడు ఫలితం ఎలా ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

శరీరం ఎందుకు ఎదురు తిరుగుతుంది?

“నోరు కట్టుకుంటే తగ్గడా?” అని లావైన మనిషిని గురించి తేలికగా అనేవారున్నారు. లంఖణం పరమౌషధమన్న పెద్దల మాట జ్వరానికి, అజీర్ణానికి వర్తిస్తుందేమో గాని, తీవ్ర స్థూలకాయానికి ఆ మాట చాలదు. దీనికి కారణం మన మనోబలంలో కంటే శరీర నిర్మాణంలోనే ఎక్కువగా ఉన్నది.

డీజిల్ ఇంజనుకు గవర్నరు ఉంటుంది. లోడు పెరిగి వేగం తగ్గితే ఇంధనాన్ని పెంచుతుంది. వేగం పెరిగితే తగ్గిస్తుంది. నిర్ణయించిన వేగం నుండి ఇంజనును కదలనివ్వదు. మన మెదడులో కూడా అటువంటి ఏర్పాటు ఒకటి ఉన్నది. బరువు తగ్గడం మొదలు కాగానే అది ఆకలిని పెంచుతుంది, శరీరం ఖర్చు చేసే శక్తిని తగ్గిస్తుంది. లక్షల ఏళ్ళ కరవు కాటకాలలో మనిషిని బ్రతికించిన ఏర్పాటు ఇది. కరవు తీరిన కాలంలో అదే మనకు అడ్డం వస్తున్నది.

దీనికి నిదర్శనం అమెరికాలో దొరికింది. బరువు తగ్గే పోటీగా సాగిన ఒక టెలివిజన్ కార్యక్రమంలో పాల్గొన్న 14 మందిని శాస్త్రజ్ఞులు ఆరేళ్ళ తరువాత మళ్ళీ పరీక్షించి, 2016లో ఫలితాలను ప్రకటించారు. పోటీలో వారు సగటున 58 కిలోలు తగ్గారు. ఆరేళ్ళలో అందులో 41 కిలోలు తిరిగి పెరిగారు. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి. ఆరేళ్ళు గడిచినా, విశ్రాంతిలో వారి శరీరం ఖర్చు చేసే శక్తి ఉండవలసినదానికంటే రోజుకు సుమారు 500 కిలోకేలరీలు తక్కువగానే ఉన్నది. అంటే అదే బరువున్న మరొకరు తినగలిగినంత వారు తినలేరు, తింటే పెరుగుతారు. ఇటువంటి మనిషిని తిండిపోతని నిందించడం న్యాయం కాదు.

పథ్యం, వ్యాయామం

శస్త్రచికిత్స లేని మార్గాలలో మొదటిది ఇదే. అమెరికాలో 2001లో మొదలైన లుక్ అహెడ్ అనే అధ్యయనంలో అధిక బరువు, మధుమేహం ఉన్న 5145 మంది పాల్గొన్నారు. సగం మందికి తగ్గించిన ఆహారం, క్రమమైన వ్యాయామం, తరచుగా సలహా సమావేశాలు ఏర్పాటు చేశారు. అంత శ్రద్ధ పెట్టిన తరువాత మొదటి సంవత్సరంలో వారి బరువు సగటున 8.6 శాతం తగ్గింది. 2012లో అధ్యయనం ముగిసేనాటికి ఆ తగ్గుదల 6 శాతం వద్ద నిలిచింది. గుండెపోటు, పక్షవాతం వంటివి మాత్రం రెండవ సమూహంతో పోలిస్తే చెప్పుకోదగినంతగా తగ్గలేదు.

అందుచేత పథ్యం దండగ అనుకోరాదు. అదే అధ్యయనంలో రక్తంలో చక్కెర అదుపు, నడవగల శక్తి, నిద్రలో శ్వాస మెరుగుపడ్డాయి. బ్రిటన్‌లో మధుమేహం వచ్చి ఆరేళ్ళు దాటనివారికి మూడు నుండి ఐదు నెలల పాటు రోజుకు సుమారు 850 కిలోకేలరీల ఆహారం మాత్రమే ఇచ్చి చూశారు. మొదటి ఏడాది ముగిసేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే మధుమేహం అదుపులోకి వచ్చింది. రెండవ ఏడాది చివర ఆ సంఖ్య 36 శాతం. జబ్బు కొత్తగా వచ్చినవారికి ఇది ఎంతో ఆశాజనకమైన విషయం. అయితే ఇంత కఠినమైన పథ్యాన్ని వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఇంట్లో మొదలుపెట్టడం ప్రమాదం. మధుమేహపు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి చక్కెర పడిపోతుంది.

మందులు

స్థూలకాయపు మందుల చరిత్ర అంత గర్వించదగినది కాదు. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటాలను దెబ్బతీస్తున్నదని తేలి 1997లో అమెరికాలో ఉపసంహరించారు. సిబ్యుట్రమిన్ 2010లో అక్కడ మార్కెట్టు నుండి వెళ్ళిపోయింది. మన దేశం 2011లో నిషేధించింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. అందుకే అనుభవజ్ఞులైన వైద్యులు చాలా కాలం ఈ మందుల పేరెత్తితే ముఖం చిట్లించుకునేవారు.

ఇప్పుడు వచ్చిన సూదిమందులు వేరే తరగతికి చెందినవి. భోజనం చేయగానే మన ప్రేగుల నుండి జి.ఎల్.పి.-1 అనే హార్మోను వెలువడి, కడుపు నిండిందన్న సంకేతాన్ని మెదడుకు పంపుతుంది. సెమాగ్లుటైడ్ ఈ హార్మోనును అనుకరిస్తుంది. టిర్జెపటైడ్ దీనితో పాటు మరొక హార్మోనును కూడా అనుకరిస్తుంది. రెండింటినీ వారానికొకసారి చర్మం కింద తీసుకోవాలి. 2021లో వెలువడిన ఒక ప్రయోగంలో, మధుమేహం లేని 1961 మందిలో సెమాగ్లుటైడ్ తీసుకున్నవారు 68 వారాలలో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారు 2.4 శాతమే తగ్గారు. 2022లో టిర్జెపటైడ్‌పై వెలువడిన ప్రయోగంలో గరిష్ఠ మోతాదు తీసుకున్నవారు 72 వారాలలో 20.9 శాతం తగ్గారు. గుండెజబ్బు ఉన్న 17,604 మందితో జరిగి 2023లో వెలువడిన మరో ప్రయోగంలో సెమాగ్లుటైడ్ వల్ల గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. ఇది సామాన్యమైన ఫలితం కాదు.

అయితే సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలోనే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. గవర్నరు మీద వేలు పెట్టి నొక్కి ఉంచినంతసేపే వేగం మారుతుంది. వేలు తీయగానే మామూలే. వికారం, వాంతులు, విరేచనాలు లేదా మలబద్ధకం తరచుగా కనిపిస్తాయి. పిత్తాశయంలో రాళ్ళు, అరుదుగా క్లోమం వాపు రావచ్చు. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. ఇక ఖర్చు. 2025 మార్చిలో మన దేశంలో విడుదలైనప్పుడు టిర్జెపటైడ్ 5 మిల్లీగ్రాముల సీసా ధర రూ. 4,375. వారానికొక సీసా చొప్పున లెక్కిస్తే ఏడాదికి రూ. 2,27,500. ధరలు మారుతుంటాయి గాని, ఈ మందును నెలల లెక్కన కాక ఏళ్ళ లెక్కన తూచాలన్న నియమం మారదు.

శస్త్రచికిత్స అంటే ఏమిటి?

ముందుగా ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. 2015 జూన్‌లో సినీనటి ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్ళకే అమెరికాలో మరణించినప్పుడు, ఆమె కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు వ్రాశాయి. అప్పటి నుండి మన ఇళ్ళలో ‘కొవ్వు ఆపరేషన్’ అన్న మాట వింటేనే భయం. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగివేయడం. అది ఆకృతి కోసం చేసేది; స్థూలకాయానికి చికిత్స కాదు. 2004లో అమెరికాలో 15 మంది స్త్రీల శరీరం నుండి సుమారు పది కిలోల చొప్పున కొవ్వు తీసివేసి పరీక్షిస్తే, వారి చక్కెరలోను, రక్తపోటులోను మార్పేమీ కనిపించలేదు.

మనం మాట్లాడుతున్నది జీర్ణాశయం మీద చేసే శస్త్రచికిత్స. ఇందులో రెండు పద్ధతులు ముఖ్యమైనవి. మొదటిది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయంలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసివేసి, మిగిలినదానిని అరటికాయ ఆకారపు గొట్టంగా మిగులుస్తారు. తీసిన భాగాన్ని మళ్ళీ అమర్చడం సాధ్యం కాదు. రెండవది గ్యాస్ట్రిక్ బైపాస్. జీర్ణాశయపు పైభాగాన్ని చిన్న సంచిగా విడదీసి, దానిని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు. ఆహారం మిగిలిన జీర్ణాశయాన్ని, ప్రేగు మొదటి భాగాన్ని తాకకుండా పోతుంది. ఇప్పుడు ఈ రెండింటినీ చాలావరకు పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి, కెమెరా సాయంతోనే పూర్తి చేస్తున్నారు.

ఇది కేవలం ‘సంచి చిన్నది చేయడం’ అని చాలామంది భావిస్తారు. అంతకంటే లోతైన మార్పు జరుగుతున్నది. స్లీవ్ తరువాత ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను తగ్గుతుంది. బైపాస్ తరువాత ఇందాక చెప్పిన జి.ఎల్.పి.-1 పెరుగుతుంది. బరువు ఇంకా తగ్గకముందే, కొన్ని రోజులలోనే, చాలామందికి చక్కెర దిగిరావడానికి ఇదే కారణం. గవర్నరు సెట్టింగునే మార్చినట్లన్నమాట. మన దేశ ప్రముఖులలో నితిన్ గడ్కరీ 2011లోను, కేంద్ర ఆర్థికమంత్రిగా ఉన్న అరుణ్ జైట్లీ 2014లోను ఇటువంటి శస్త్రచికిత్స చేయించుకున్న విషయం పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

పోలిక పట్టిక

ఇక అసలు విషయానికి వద్దాం. దీర్ఘకాలపు ఫలితాలకు స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనం ప్రసిద్ధమైనది. శస్త్రచికిత్స చేయించుకున్న 2010 మందిని, చేయించుకోని 2037 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. పదేళ్ళ తరువాత బైపాస్ చేయించుకున్నవారి బరువు మొదటికంటే 25 శాతం తక్కువగా ఉన్నది. అప్పట్లో వాడుకలో ఉన్న ఇతర పద్ధతులలో 14 నుండి 16 శాతం. మామూలు చికిత్స పొందినవారి బరువు రెండు శాతం అటో ఇటో ఉన్నదే తప్ప మారలేదు. సగటున పదకొండేళ్ళలో రెండవ సమూహంలో 129 మంది, శస్త్రచికిత్స సమూహంలో 101 మంది మరణించారు.

చక్కెర విషయంలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 150 మందితో జరిగిన ప్రయోగం చూడండి. చీటీ తీసినట్లు మూడు సమూహాలుగా విభజించి, ఐదేళ్ళ తరువాత 2017లో ఫలితాలు ప్రకటించారు. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్.బి.ఏ.1సి. పరీక్ష 6 శాతం లేదా అంతకు దిగువకు వచ్చినవారు మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం. స్లీవ్‌లో 23 శాతం. బైపాస్‌లో 29 శాతం. ప్రయోగ ఫలితాలను ఒకచోట చేర్చి జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 2014లో 22 ప్రయోగాలను, అందులోని 1798 మందిని పరిశీలించి, బరువు తగ్గించడంలోను, దాని వెంట వచ్చే జబ్బులను తగ్గించడంలోను శస్త్రచికిత్సదే పైచేయి అని తేల్చింది. అయితే ఎక్కువ ప్రయోగాలు ఏడాది రెండేళ్ళతోనే ఆగిపోయాయని హెచ్చరించింది కూడా. కొత్త సూదిమందులు బాగా వాడుకలోకి రాకముందటి తీర్పు ఇదని పాఠకులు గమనించాలి.

ఇప్పుడు మన 128 కిలోల ఉద్యోగి దగ్గరకు వెళదాం. లుక్ అహెడ్ లెక్కన దీర్ఘకాలపు పథ్యంతో ఆయన సుమారు 120 కిలోలకు వస్తారు. సెమాగ్లుటైడ్ లెక్కన ఏడాదిన్నర దరిదాపుల్లో 109కి, టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదుతో 101కి వస్తారు. అది మందు సాగుతున్నంతకాలం. బైపాస్ లెక్కన పదేళ్ళ తరువాత కూడా 96 వద్ద ఉంటారు. కాని జాగ్రత్త! ఈ అంకెలు వేర్వేరు దేశాల, వేర్వేరు మనుషుల, వేర్వేరు కాలవ్యవధుల ప్రయోగాలవి. షరతులు కలవని కొటేషన్లను ఒక పట్టికలో వేసినట్లు ఇది స్థూలమైన అంచనా మాత్రమే.

మరొకటి గమనించండి. 96 కిలోల వద్ద కూడా ఆయన సూచిక 34. అంటే అంత పెద్ద చికిత్స తరువాత కూడా చూసేవారి కంటికి ఆయన లావుగానే కనిపిస్తారు. “ఆపరేషన్ చేయించుకుని కూడా ఇంతేనా?” అని బంధువులు పెదవి విరవవచ్చు. కాని ఆయన మోకాళ్ళు, గుండె, క్లోమం ఆ తేడాను స్పష్టంగా గుర్తిస్తాయి. స్వీడన్‌వారే 2020లో మరొక లెక్క ప్రకటించారు. శస్త్రచికిత్స పొందినవారి ఆయుర్దాయం పొందనివారికంటే సుమారు 3 ఏళ్ళు ఎక్కువ. అయినా సాధారణ ప్రజలకంటే 5.5 ఏళ్ళు తక్కువ. కనుక శస్త్రచికిత్స అద్భుతమూ కాదు, అనవసరమూ కాదు.

ప్రమాదం, నిర్వహణ

ప్రమాదం ఎంత? స్వీడన్ అధ్యయనంలో శస్త్రచికిత్స పొందిన 2010 మందిలో 90 రోజులలోపు మరణించినవారు 5గురు. అంటే నాలుగు వందల మందికి ఒకరు. సంఖ్య చిన్నదే, కాని ఆ ఒక్కరు ఎవరి ఇంటివారో ఆ ఇంటికి అది చిన్నది కాదు. కుట్టిన చోట లీకు కావడం, రక్తస్రావం, కాళ్ళ నరాలలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం ముఖ్యమైన తొలి ప్రమాదాలు. కొంతకాలానికి పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు. బైపాస్ అయినవారు తీపి ఎక్కువగా తింటే చెమటలు, గుండెదడ, కళ్ళు తిరగడం కలుగుతాయి. మద్యం మామూలుకంటే త్వరగా, తీవ్రంగా తలకెక్కుతుంది. స్లీవ్ అయినవారిని గుండెమంట బాధిస్తుంది. ఫిన్లాండ్‌లో ఈ రెండు పద్ధతులను పదేళ్ళ తరువాత పోల్చి చూస్తే, ఆమ్లం ఎగదన్నడం వల్ల అన్నవాహికలో వాపు ఏర్పడినవారు స్లీవ్‌లో 31 శాతం, బైపాస్‌లో 7 శాతం.

అన్నిటికంటే ముఖ్యమైనది జీవితాంతపు నిర్వహణ. ఇనుము, బి12, కాల్షియం, డి విటమిన్ లోపాలు రాకుండా మాత్రలు తీసుకుంటూ, క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేయించుకోవాలి. శాకాహారులకు బి12 విషయంలో మరింత శ్రద్ధ అవసరం. మా విభాగంలో ఒక మిత్రునికి ఈ శస్త్రచికిత్స జరిగి, రెండేళ్ళలో ముప్పై కిలోలకు పైగా తగ్గారు. మధుమేహపు మాత్రలు మానివేశారు. అంతా బాగున్నదన్న ధీమాతో విటమిన్ మాత్రలు కూడా మానివేశారు. మూడవ ఏడాది మెట్లెక్కితే ఆయాసం, అరికాళ్ళలో తిమ్మిరి. గుండెజబ్బేమోనని ఇంటిల్లిపాదీ కంగారుపడితే, తీరా అది రక్తహీనత, బి12 లోపం అని తేలింది. ఆయన శ్రీమతి ఇప్పుడు మాత్రల డబ్బాను భోజనాల బల్ల మీదే ఉంచుతున్నారు. ఈ చికిత్సలో సగం పని వైద్యునిది, మిగిలిన సగం ఇంటిది.

పెండ్లి కావలసిన, సంతానం కోరుకునే ఆడపిల్లలు మరొక విషయం గుర్తుంచుకోవాలి. శస్త్రచికిత్స తరువాత ఏడాది నుండి ఏడాదిన్నర వరకు గర్భం వాయిదా వేయమని వైద్యులు సూచిస్తారు. సూదిమందులను కూడా గర్భధారణకు ముందే ఆపవలసి ఉంటుంది.

ఎవరికి ఏది?

మన వాట్‌గంజ్‌కు ఆ పేరు 18వ శతాబ్దపు చివర ఇక్కడ నౌకల మరమ్మత్తుకు డాకులు కట్టించిన కర్నల్ హెన్రీ వాట్సన్ వల్ల వచ్చిందని చెబుతారు. ఈ డాకుల చుట్టూ పనిచేసేవారికి తెలిసిన విషయమే. నౌక తేలుతుండగానే చేయగల మరమ్మత్తులు చాలా ఉన్నాయి. ప్రతి చిన్న లోపానికీ డ్రైడాక్‌లోకి ఎక్కించరు. కాని నీటి మట్టానికి కింద పళ్ళెం తినివేయబడినప్పుడు పైన రంగు వేస్తూ కాలం గడపడం కూడా ఎవరూ చేయరు. డ్రైడాక్ నుండి దిగిన నౌకకు నిర్వహణ అక్కరలేదని ఎవరూ అనరు. చికిత్సల మధ్య సంబంధం కూడా ఇటువంటిదే. ఒకటి మరొకదానికి పోటీ కాదు.

ఈ ‘నీటి మట్టం’ ఎక్కడ గీయాలన్నదానికి నియమాలున్నాయి. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు సూచిక 40 దాటినవారికి, లేదా 35 దాటి తీవ్రమైన అనుబంధ జబ్బులు ఉన్నవారికి శస్త్రచికిత్స తగునన్నాయి. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఈ గీతను సడలించి, 35 దాటిన వారందరికీ దానిని సిఫారసు చేశాయి. ఆసియావాసుల విషయంలో 27.5 నుండే పరిశీలించవచ్చన్నాయి. అయితే బీమా గీత వేరు. మన దేశంలో బీమా నియంత్రణ సంస్థ 2019లో రూపొందించిన నిబంధన ప్రకారం, పద్దెనిమిదేళ్ళు నిండి, వైద్యుని సలహా ఉండి, సూచిక 40 లేదా అంతకు మించి ఉండాలి. లేదా 35 ఉండి, ఇతర మార్గాలు విఫలమై, అదుపులేని మధుమేహం, హృద్రోగం, తీవ్రమైన నిద్రాశ్వాస లోపం వంటివి ఉండాలి. ఈ షరతులు తీరనిదే బీమా సంస్థలు ఈ ఖర్చును మినహాయించవచ్చు. మన వైద్య నియమావళిలో ఏమున్నదో సిబ్బంది విభాగంలో ముందే వ్రాతపూర్వకంగా తెలుసుకొనడం మంచిది.

స్థూలంగా చెప్పాలంటే, సూచిక 30 లోపువారికి పథ్యం, నడక, నిద్ర మొదటి మార్గం. 30 దాటి జబ్బులు చేరినవారికి మందులను గురించి వైద్యునితో చర్చించే సమయం వచ్చినట్లే. 35–40 దాటి, చక్కెర అదుపు తప్పి, రాత్రి గురకతో ఊపిరి ఆగుతూ, ఆరు నెలలుగా నిజాయితీగా పథ్యం చేసినా ఫలితం లేనివారు శస్త్రచికిత్స నిపుణుని ఒకసారి కలవడానికి జంకరాదు. కలవడం అంటే ఒప్పుకోవడం కాదు. నిపుణుని మూడు ప్రశ్నలు అడగండి. ఏటా ఇటువంటి శస్త్రచికిత్సలు ఎన్ని చేస్తారు? మా వారికి ఏ పద్ధతి, ఎందుకు? ఐదేళ్ళ తరువాత మమ్మల్ని ఎవరు చూస్తారు? మూడవ ప్రశ్నకు సరైన జవాబు లేనిచోట మరొకచోటు వెతకడం మేలు.

చివరగా ఒక మనవి. కాంటీనులోను, పెండ్లిళ్ళలోను లావైన మనిషిని పట్టుకొని చేసే హాస్యాలు మనకు అలవాటైపోయాయి. ఆ హాస్యానికి జడిసి వార్షిక వైద్యపరీక్షకు రాకుండా తప్పించుకునే ఉద్యోగులున్నారు. నిచ్చెన ఎక్కవలసిన, ట్యాంకు మ్యాన్‌హోల్‌లోకి దిగవలసిన పని ఉన్నప్పుడు మరేదో సాకు చెప్పి తప్పుకునేవారూ ఉన్నారు. అటువంటివారికి కావలసింది ఎగతాళి కాదు, ‘ఈ శనివారం నేనూ నీతో ఆసుపత్రికి వస్తాను’ అనే ఒక తోటి మనిషి. పెరిగిన బరువును చూసి సిగ్గుపడి చికిత్సను వాయిదా వేయడం కూడా ఒక నిర్ణయమే. దాని వ్యయం పట్టికలో కనిపించదు గాని, చెల్లించేది కుటుంబమే.

వచ్చే సంచికలో గురకను, నిద్రలో ఊపిరి ఆగడాన్ని గురించి వ్రాస్తాను. ఈలోగా ఇంట్లో ప్రతి ఒక్కరి ఎత్తు, బరువు, నడుము కొలతలు ఒక కాగితం మీద వ్రాసి ఉంచవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.